సంక్షేమ వ్యవస్థ ఉన్న దేశంలో పేదరికం ఎక్కడ మిగులుతోంది?

ఒక దేశంలో వృద్ధులకు పింఛను ఉంది. పని పోయినవాళ్లకు భృతి ఉంది. పిల్లలున్న ఇంటికి నెలనెలా భత్యం ఉంది. జబ్బు చేస్తే చూసే ఆసుపత్రి ఉంది. ఇన్ని ఉన్నా ఆ దేశంలో పేదలున్నారు. ఎందుకని అడిగితే మామూలుగా రెండు జవాబులు వస్తాయి. పేదరికం ఎప్పుడూ ఉండేదేననీ, ఏ ప్రభుత్వమూ దాన్ని పూర్తిగా తుడిచెయ్యలేదనీ కొందరంటారు. ఇంత ఇస్తున్నా పేదలుగానే ఉన్నారంటే లోపం వాళ్లలోనే ఉందని ఇంకొందరంటారు. ఈ రెండిటినీ నేను ఒప్పుకోను. సంక్షేమ వ్యవస్థ ఉన్న దేశంలో పేదరికం ఉండకూడదు. ఉందంటే అది ఆ వ్యవస్థ నియమాల్లోనే ఫలానా చోట ఉంటుంది. ఎంత ఇవ్వాలని రాసుకున్నారో అక్కడ, ఎన్నాళ్లకు చేతికి అందుతుందో అక్కడ, సంపాదన పెరిగితే ఎంత కోస్తారో అక్కడ. ఆ చోటును వేలుపెట్టి చూపించవచ్చు.

2021లో అమెరికాలో ఏం జరిగిందో చూడండి. ఆ ఏడాది మార్చిలో వచ్చిన చట్టం పిల్లల పన్ను రాయితీని మార్చింది. ఆరేళ్లలోపు బిడ్డకు ఏడాదికి 3,600 డాలర్లు, 6 నుంచి 17 ఏళ్ల పిల్లలకు 3,000 డాలర్లు. అంతకుముందు గరిష్ఠం 2,000. మొత్తం పెరగడం ఒక ఎత్తు, అర్హత మారడం ఇంకో ఎత్తు. పాత నియమం ప్రకారం పన్ను కట్టేంత ఆదాయం లేని ఇంటికి ఆ డబ్బు రావాలంటే సంపాదన 2,500 డాలర్లు దాటాలి. దాటాక కూడా సంపాదనతోపాటే కొద్దికొద్దిగా పెరిగేది. అంటే అందరికన్నా పేద ఇంట్లో పుట్టిన బిడ్డకు అందరికన్నా తక్కువ అందేది, లేదా ఏమీ అందేది కాదు. కొత్త చట్టం ఆ షరతును తీసేసింది. జులై నుంచి డిసెంబరు దాకా సగం మొత్తాన్ని నెలనెలా ఖాతాల్లో వేసింది. ప్రభుత్వ సాయాలను కూడా లెక్కలోకి తీసుకునే అక్కడి అనుబంధ కొలత ప్రకారం పిల్లల్లో పేదరికం 2020లో 9.7 శాతం, 2021లో 5.2 శాతం. ఏడాది ముగియగానే ఆ ఏర్పాటు గడువు తీరింది, చట్టసభ పొడిగించలేదు. 2022లో అది 12.4 శాతం.

ఆ ఏడాది వేరే నగదు సాయాలు కూడా ఇచ్చారు, అవీ ఆగిపోయాయి. కాబట్టి అంతా ఒక్క రాయితీ ఫలితమేనని అనను. కానీ పన్నెండు నెలల్లో అంత దిగి, మరో పన్నెండు నెలల్లో రెండింతలకు పైగా ఎగబాకిన అంకెను చూశాక, పేదరికాన్ని ప్రకృతి ధర్మమని ఎవరైనా ఎలా అంటారో నాకు అర్థం కాదు. ఆ మధ్యకాలంలో తల్లిదండ్రుల కష్టపడే గుణం మారలేదు. మారినవి చట్టంలోని కొన్ని వాక్యాలు.

ముందు గీత సంగతి

పేదరికం ఉండకూడదని అనగానే ఒక అభ్యంతరం వస్తుంది. యూరోపు దేశాల్లో మధ్యగత ఆదాయంలో 60 శాతం కన్నా తక్కువ ఉన్నవాళ్లను పేదరికపు ముప్పులో ఉన్నవాళ్లుగా లెక్కిస్తారు కదా, అందరి ఆదాయమూ పెరిగితే గీతా పెరుగుతుంది కదా, మరి పేదరికం ఎప్పటికైనా సున్నా ఎలా అవుతుంది? చదువుకున్నవాళ్లు కూడా ఈ మాట అంటుంటారు. ఇది లెక్క తప్పు. మధ్యగతమంటే అందరినీ ఆదాయం వరసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్యన ఉన్న మనిషి ఆదాయం. ఐదుగురి ఆదాయాలు 30, 50, 100, 150, 400 అనుకోండి. మధ్యగతం 100, గీత 60. మొదటి ఇద్దరూ గీత కింద ఉన్నారు. 400 ఉన్నతని దగ్గర 40 తీసుకుని 30ని 60కి, 50ని 60కి పెంచండి. ఆదాయాలు 60, 60, 100, 150, 360. మధ్యగతం ఇంకా 100 దగ్గరే ఉంది, గీత 60 దగ్గరే ఉంది, గీత కింద ఒక్కరూ లేరు. సగటును వాడితే పైవాళ్ల ఆదాయం పెరిగినప్పుడల్లా గీత కూడా కదిలే ప్రమాదం ఉండేది. మధ్యగతాన్ని ఎంచుకోవడంలో ఉన్న మేలు ఇదే.

ఈ కొలతకు అసలు లోపం వేరే ఉంది. ఆర్థిక మాంద్యం వచ్చి మధ్యవాడి ఆదాయం పడిపోతే గీత కూడా కిందికి జారుతుంది. పేదవాడి చేతికి ఒక్క పైసా అదనంగా రాకుండానే అతను పేదల లెక్కలోంచి బయటపడతాడు. అందుకే ఏదో ఒక ఏడాది గీతను అలాగే పట్టుకుని, ధరల పెరుగుదలను మాత్రమే కలుపుతూ లెక్కించే కొలతను కూడా పక్కన పెట్టుకోవాలి. రెండూ ఒకే దిశలో కదిలితేనే ఆ మార్పును నమ్మాలి.

అమెరికా అధికారిక దారిద్ర్యరేఖది ఇంకో రకం చిక్కు. 1960ల మొదట్లో మాలీ ఓర్షాన్‌స్కీ అనే ప్రభుత్వ గణాంక నిపుణురాలు కనీస ఆహార ఖర్చును మూడుతో హెచ్చించి ఆ గీత గీసింది. ఆనాడు సగటు కుటుంబం ఆహారం మీద ఆదాయంలో మూడో వంతు ఖర్చు పెట్టేది కాబట్టి అది అప్పటికి సబబైన లెక్కే. తర్వాత ఇంటి అద్దె, వైద్యం, పిల్లల సంరక్షణ ఖర్చులు పెరిగి ఆహారం వాటా తగ్గిపోయినా ఆ గీతను ధరలతో మాత్రమే సవరిస్తూ వచ్చారు. పైగా ఆ లెక్కలో పన్ను రాయితీలు, ఆహార సాయం ఆదాయం కిందికి రావు. ఆ పథకాల మీద ఎంత ఖర్చు పెట్టినా ఆ కొలతలో పేదరికం తగ్గినట్టు కనబడదు. ఇన్నేళ్లు ఇంత పోసినా పేదరికం తగ్గలేదంటూ ఆ అంకెనే చూపించి వాదించేవాళ్లున్నారు. సాయాన్ని చూడలేని కొలతతో సాయం ఫలితాన్ని తేల్చడం అన్యాయం.

తలల లెక్క చేసే మోసం ఇంకొకటి ఉంది, ఇది పథకాల రూపకల్పనలోకే వచ్చి కూర్చుంటుంది. గీత 1,000 అనుకోండి. పది కుటుంబాలు 950 దగ్గర, మరో పది 400 దగ్గర ఉన్నాయి. ప్రభుత్వం దగ్గర 500 ఉన్నాయి. పైన ఉన్న పది కుటుంబాలకు యాభై చొప్పున పంచితే పదీ గీత చేరతాయి, పేద కుటుంబాల సంఖ్య ఇరవై నుంచి పదికి పడుతుంది. అదే 500 కింది పదికీ పంచితే వాళ్లు 450 దగ్గరికి వస్తారు, సంఖ్య కదలదు. ఎక్కువ కష్టంలో ఉన్నవాళ్లకు ఇచ్చిన ప్రభుత్వం విఫలమైనట్టూ, వాళ్లను వదిలేసిన ప్రభుత్వం గెలిచినట్టూ కనిపిస్తుంది. అమర్త్య సేన్ 1976లోనే దీన్ని ఎత్తిచూపి, ఎంతమంది పేదలన్నదానితోపాటు ఎంత లోతున ఉన్నారన్నదీ, వాళ్లలో వాళ్లకు తేడా ఎంతన్నదీ కలిపి కొలవాలన్నాడు. ఏ మంత్రి అయినా పేదల శాతం తగ్గిందని చెప్పినప్పుడు పక్కనే పేదరికపు లోతు ఎంతని అడగాలి.

ఎంత ఇవ్వాలన్నది ఎవరు లెక్కగట్టారు?

సీబోమ్ రౌన్‌ట్రీ అనే పరిశోధకుడు 1899లో ఇంగ్లండులోని యార్క్ నగరంలో ఇంటింటి సర్వే చేయించి, మొత్తం జనాభాలో 27.84 శాతం పేదరికంలో ఉన్నారని తేల్చాడు. ఆ అంకె కన్నా విలువైనది అతను గమనించిన ఇంకో సంగతి. కూలివాడి జీవితంలో పేదరికం మూడుసార్లు వస్తుంది: పసితనంలో, తన పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు, ముసలితనంలో. అంటే పేదలనే వేరే జాతి ఒకటి లేదు. సంపాదించే చేతులు తక్కువై తినే నోళ్లు ఎక్కువైన దశలు ఉన్నాయి, అంతే. సంక్షేమ వ్యవస్థ చెయ్యాల్సిన పనిలో చాలా భాగం ఒకే మనిషి జీవితంలో ఒక దశ నుంచి ఇంకో దశకు డబ్బు మోసుకుపోవడం.

1942 డిసెంబరులో బ్రిటన్‌లో వచ్చిన విలియం బెవరిడ్జ్ నివేదిక ఈ దారిలోనే సాగింది. పని పోయినా, జబ్బుపడినా, వయసు మీరినా మనిషికి బతకడానికి సరిపడా అందాలన్నది దాని మూలసూత్రం. అందులో ఇంటి అద్దె దగ్గర లెక్క కుదరలేదు. ఆహారం, బట్టల ఖర్చు దేశమంతటా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అద్దె అలా ఉండదు, ఊరికీ ఊరికీ, వీధికీ వీధికీ మారుతుంది. అందరికీ ఒకే మొత్తం ఇస్తే అద్దె తక్కువ ఉన్నచోట మిగులుతుంది, ఎక్కువ ఉన్నచోట చాలదు. బెవరిడ్జ్ ఆ సమస్యను గుర్తించి, పేజీలకు పేజీలు చర్చించి, చివరికి సగటు అద్దెనే కలిపి వదిలేశాడు. తర్వాత వచ్చిన ప్రభుత్వం బీమా భృతులను బతుకు ఖర్చు కన్నా తక్కువగా ఖరారు చేసింది. దాంతో తాత్కాలికంగా కొద్దిమందికే అవసరమవుతుందనుకున్న జాతీయ సహాయ పథకం మీద ఏటేటా ఎక్కువమంది ఆధారపడాల్సి వచ్చింది. 1950లో యార్క్‌లో చేసిన మూడో సర్వే పేదరికం రెండు శాతం లోపేనని తేల్చడంతో దేశం ఊపిరి పీల్చుకుంది. కానీ 1965లో బ్రయాన్ ఏబెల్ స్మిత్, పీటర్ టౌన్సెండ్ అనే పరిశోధకులు ప్రభుత్వ సహాయ ప్రమాణాన్నే కొలబద్దగా పెట్టుకుని, దానికి కాస్త పైన ఉన్నవాళ్లను కూడా కలిపి లెక్కవేస్తే 1960 నాటికి సుమారు 75 లక్షల మంది, జనాభాలో 14 శాతం, తేలారు. వాళ్లలో పిల్లలు ఎక్కువగా ఉండటం, పని చేస్తూ కూడా పేదగా ఉన్న కుటుంబాలు అన్ని ఉండటం అప్పటి పాలకులకు మింగుడుపడలేదు.

ఎంత ఇస్తే సరిపోతుందో లెక్కగట్టి చూపించమని ప్రభుత్వాన్ని నిలదీసిన ఘనత జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానానిది. 2010 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పులో అది మనిషి గౌరవం, సామాజిక రాజ్యం అనే రెండు సూత్రాల నుంచి గౌరవప్రదమైన కనీస జీవనానికి హక్కును రాబట్టింది. ఇన్ని యూరోలు ఇవ్వాలని అంకె చెప్పలేదు. ప్రభుత్వం ఎంచుకున్న అంకె నిజమైన ఖర్చుల సమాచారం నుంచి, అందరికీ కనబడే పద్ధతిలో రావాలంది. పిల్లల భత్యాన్ని పెద్దల భత్యంలో ఇంత శాతమని గుడ్డిగా కోసి పెట్టడం చెల్లదంది, ఎందుకంటే పిల్లలు చిన్న సైజు పెద్దవాళ్లు కారు, వాళ్లకు బడి ఖర్చులుంటాయి, ఎదిగే వయసు ఖర్చులుంటాయి. చాలా దేశాల్లో భృతి మొత్తం బడ్జెట్లో ఎంత మిగిలిందన్నదాన్ని బట్టి పుడుతుంది, మనిషికి ఎంత కావాలన్నదాన్ని బట్టి కాదు.

సరైన మొత్తంతో మొదలుపెట్టినా దాన్ని అలాగే వదిలేస్తే కరిగిపోతుంది. ఇందులో ఎవరూ ఎవరి నుంచీ ఏమీ లాక్కోరు, ఏ సభలోనూ ఓటింగు జరగదు, కాబట్టి వార్త కూడా కాదు. ధరలు ఏటా 5 శాతం పెరుగుతుంటే మారని భృతి విలువ 14 ఏళ్లకు సగమవుతుంది. అమెరికాలో 1996లో పేద కుటుంబాల నగదు సాయాన్ని రాష్ట్రాలకు ఏటా సుమారు 1,650 కోట్ల డాలర్ల స్థిర నిధిగా మార్చారు. ధరలతో పెంచే ఏర్పాటు పెట్టలేదు, ఆ అంకె అక్కడే నిలిచిపోయింది. అదే దేశం 1972లో చేసిన చట్టంతో వృద్ధాప్య పింఛనును 1975 నుంచి ధరల సూచీకి కట్టేసింది, ఏటా దానంతటదే పెరుగుతుంది. అక్కడ వృద్ధుల్లో పేదరికం 1959లో 35 శాతం, 1999 నాటికి 10 శాతం లోపు. భారతదేశంలో 60 నుంచి 79 ఏళ్ల పేద వృద్ధులకు కేంద్రం ఇచ్చే పింఛను వాటా 200 రూపాయల దగ్గర ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోయింది. సాయం ఉందా అని అడిగితే మూడుచోట్లా ఉంది. దాన్ని ధరల సూచీకి కట్టారా లేదా అన్న ఒక్క ఏర్పాటు దగ్గరే తేడా వచ్చింది.

కాగితం నుంచి చేతికి

అర్హత ఉన్నవాళ్లంతా సాయం పొందుతున్నారని అనుకోవడం మరో పొరపాటు. జర్మనీలో వృద్ధులకు ఉన్న కనీస ఆదాయ సాయానికి అర్హులైన వాళ్లలో దాదాపు 60 శాతం తీసుకోవడం లేదని 2019 నాటి అంచనా. ఫ్రాన్సులో కనీస ఆదాయ పథకానికి అర్హులైన వాళ్లలో మూడింట ఒకవంతు దాన్ని పొందడం లేదు. సిగ్గు ఒక కారణం, నిజమే. సాయం తీసుకుంటే పిల్లల దగ్గర ప్రభుత్వం వసూలు చేస్తుందేమోనని భయపడి అడగని ముసలివాళ్లున్నారు. కానీ పెద్ద కారణం నడవాల్సిన మెట్ల సంఖ్య.

పథకం ఉందని తెలియాలి. అది తమకు వర్తిస్తుందని అర్థం కావాలి. దరఖాస్తు నింపాలి. పత్రాలు జతచెయ్యాలి. విచారణకు పిలిస్తే వెళ్లాలి. గడువులోపు పునరుద్ధరించుకోవాలి. ఇవి ఆరు మెట్లు. ఒక్కో మెట్టు దగ్గర నూటికి తొంభైమంది దాటారనుకుందాం, వినడానికి మంచి వ్యవస్థే. ఆరో మెట్టు దాటాక మిగిలేది 53 మంది. ఎవరూ ఎవరినీ తిరస్కరించలేదు, ఏ ఉద్యోగీ తప్పు చెయ్యలేదు, అయినా 47 మంది రాలిపోయారు. అదీ ఎవరు రాలిపోతారు? జ్వరంతో ఉన్నవాళ్లు, చదువు రానివాళ్లు, ఇల్లు మారినవాళ్లు, రెండు పూటలా పనికి పోయేవాళ్లు. అందరికన్నా అవసరమున్నవాళ్లే ముందు జారిపోయేలా ఉండే జల్లెడ ఇది. ఒక్కో మెట్టు దగ్గరా 98 మంది దాటేలా చేస్తే 89 మంది చేరతారు. రెండు మెట్లు తీసేస్తే ఇంకా మేలు. పన్ను, జనన నమోదు, పింఛను లెక్కలు ప్రభుత్వం దగ్గర ముందే ఉన్నప్పుడు మళ్లీ ఆ మనిషినే తెమ్మనడం ఎందుకు? 2021 నాటి అమెరికా భత్యం పన్ను లెక్కలు సమర్పించిన కుటుంబాలకు ఏ దరఖాస్తూ లేకుండానే చేరింది. ఆదాయం మరీ తక్కువగా ఉండి పన్ను లెక్కలు సమర్పించనివాళ్లు మాత్రం విడిగా నమోదు చేసుకోవాల్సి వచ్చింది. అందకుండా పోయినవాళ్లు ఎక్కువగా ఉన్నది అక్కడే.

తర్వాత నిరీక్షణ. బ్రిటన్‌లో ఆరు పాత సాయాలను కలిపి యూనివర్సల్ క్రెడిట్ అనే ఒకే పథకం చేశారు. ఆలోచన మంచిది. కానీ దరఖాస్తు తర్వాత ఒక నెల ఆదాయాన్ని చూసి, ఆపైన వారానికి డబ్బు వేస్తారు, అంటే మొదటి చెల్లింపుకు ఐదు వారాలు. జీతం నెలాఖరున వస్తుంది కాబట్టి సాయమూ అలాగే రావాలన్నది దీని వెనకున్న తర్కం. దాచుకున్న డబ్బున్న ఉద్యోగికి అది సరిపోతుంది. సాయానికి వచ్చిన మనిషి దగ్గర అది ఉండదు. అందుకని ముందస్తు చెల్లింపు ఇస్తారు, అది అప్పు. దాన్ని తర్వాతి నెలల భృతిలోంచి కోసుకుంటారు. అలా పథకంలో చేరిన మొదటి రోజు నుంచే మనిషి ప్రభుత్వానికి బాకీపడతాడు. అద్దె బకాయి, కరెంటు బకాయి కూడా అందులోంచే కోస్తే చేతికొచ్చేది కనీస అవసరమని ప్రభుత్వమే లెక్కగట్టిన మొత్తం కన్నా తక్కువ. కోత పరిమితిని క్రమంగా తగ్గిస్తూ 2025 ఏప్రిల్లో ప్రధాన భత్యంలో 15 శాతానికి తెచ్చారు. ఐదు వారాల నిరీక్షణ మాత్రం పోలేదు.

నెలవారీ లెక్కకు ఇంకో చిక్కుండేది. జీతం పడాల్సిన రోజు సెలవు వచ్చిందని యజమాని రెండు రోజులు ముందే వేస్తే ఒకే లెక్కింపు నెలలో రెండు జీతాలు పడేవి. ఆ నెల కంప్యూటరు ఆ ఉద్యోగిని బాగా సంపాదిస్తున్న మనిషిగా చూసి సాయం కోసేసేది, మరుసటి నెల ఆదాయం లేని మనిషిగా చూసేది. నలుగురు ఒంటరి తల్లులు కోర్టుకెక్కితే 2020లో అప్పీలు న్యాయస్థానం ఇది హేతుబద్ధం కాదని తేల్చింది. చిన్న సాంకేతిక వివరంలా కనిపించే ఇలాంటి చోటే పేదరికం పుడుతుంది.

ఇంతకన్నా ఘోరమైనవి, ఇచ్చిన డబ్బును వెనక్కి గుంజే యంత్రాలు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2016లో పూర్తిస్థాయిలో అమలు చేసిన రోబోడెట్ అనే కంప్యూటరు వ్యవస్థ ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకు, అంటే రెండేసి వారాల వాయిదాలకు, సమంగా పంచి, ప్రతి పక్షానికీ అంత సంపాదించినట్టు లెక్కవేసేది. ఒకతను ఆరు నెలలు పని చేసి పక్షానికి 2,000 చొప్పున 26,000 సంపాదించాడు, మిగిలిన ఆరు నెలలు పని లేక నిజాయితీగా భృతి తీసుకున్నాడు. యంత్రం దృష్టిలో అతను ఏడాది పొడవునా పక్షానికి 1,000 సంపాదించాడు, కాబట్టి ఆ ఆరు నెలల భృతిని అన్యాయంగా తీసుకున్నట్టే. బాకీ నోటీసు వెళ్లేది. కాదని నిరూపించుకునే భారం అతనిదే, ఏళ్ల నాటి జీతం చీటీలు తెచ్చి చూపాలి. 2019లో న్యాయస్థానం ముందు ప్రభుత్వం ఇది చట్టవిరుద్ధమని ఒప్పుకుంది. మరుసటి ఏడాది 72 కోట్లకు పైగా ఆస్ట్రేలియన్ డాలర్లు తిరిగిస్తామని ప్రకటించింది. 2023 జులైలో రాయల్ కమిషన్ నివేదిక వచ్చింది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేలాది తల్లిదండ్రులను చిన్న పొరపాట్లకు, ఒక సంతకం లేదనో చిన్న వాటా కట్టలేదనో, ఏడాది భత్యం మొత్తం వెనక్కి కట్టమన్నారు. పొరపాటు వందల్లో, రికవరీ వేలల్లో, పదివేలల్లో. కాపురాలు కూలాయి, ఇళ్లు పోయాయి. రెండు దేశాల పౌరసత్వం ఉన్నవాళ్లను అనుమానితులుగా గుర్తించారు. 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. ఈ రెండూ సంపన్న దేశాలు, పేరున్న సంక్షేమ వ్యవస్థలు. వాళ్లను అప్పుల్లోకి నెట్టింది ఆ వ్యవస్థే.

పని మానేస్తారన్న భయం

ఇస్తే పని మానేస్తారన్న వాదనను కొట్టిపారెయ్యను. అందులో ఒక నిజముంది, దాన్ని సరిగ్గా పట్టుకోవాలి. ఏ సాయానికైనా మూడు అంకెలుంటాయి: ఏమీ సంపాదించనివాళ్లకు ఇచ్చే గరిష్ఠ మొత్తం, సంపాదన పెరిగేకొద్దీ నూటికి ఎంత కోస్తారన్న రేటు, సాయం పూర్తిగా ఆగే ఆదాయం. రెండు ఎంచుకుంటే మూడోది దానంతటదే తేలిపోతుంది. గరిష్ఠం 600, కోత నూటికి 60 అయితే సాయం 1,000 దగ్గర ఆగుతుంది. కోత నూటికి 30 చేస్తే 2,000 దాకా సాగుతుంది, అంటే పేదలు కానివాళ్లకు కూడా కొంత వెళుతుంది, ఖర్చు పెరుగుతుంది. ఎక్కువ ఇవ్వాలి, పనికి ప్రోత్సాహమూ ఉండాలి, ఖర్చూ తక్కువ కావాలి అనే మూడూ ఒకేసారి కుదరవు. ఈ ఎంపికను దాచిపెట్టి మాట్లాడే ఏ పార్టీనీ నమ్మనక్కర్లేదు.

చిక్కంతా ఒక కోత మీద ఇంకో కోత పడినప్పుడు వస్తుంది. అద్దె సాయం నూటికి 50 కోస్తుంది, పిల్లల సంరక్షణ సాయం 40 కోస్తుంది, పన్ను 15 పోతుంది. అదనంగా వంద సంపాదించిన తల్లి 105 పోగొట్టుకుంటుంది. ఏ శాఖను అడిగినా తన రేటు సబబేనంటుంది, మూడూ కలిపి చూసేవాళ్లు లేరు. బ్రిటన్ ఒకే పథకం చెయ్యడానికి కారణం ఇదే. అక్కడ నికర సంపాదన మీద కోత రేటు 65 నుంచి 63కి, 2021 చివర్లో 55కి దిగింది. అయినా ఆదాయపు పన్ను, బీమా వాటా కలిపి 28 పోయే మనిషికి వందలో 72 మిగులుతుంది, దానిమీద 55 శాతం కోస్తే చివరికి చేతిలో పడేది 32. కోట్ల ఆదాయమున్నవాళ్ల మీద నూటికి 68 పన్ను వేస్తామంటే వాళ్లు పని మానేస్తారని గగ్గోలు పెట్టేవాళ్లే, పేదవాడి మీద అదే రేటు పడుతుంటే అతను సోమరి అంటారు. ఈ అన్యాయం నన్ను ఎప్పుడూ కలచివేస్తుంది.

దాచుకోవడం మీదా ఇలాంటి శిక్షే ఉంది. అమెరికాలో పేద వికలాంగులకు, వృద్ధులకు ఇచ్చే అనుబంధ ఆదాయ సాయం కావాలంటే ఒంటరి మనిషి దగ్గర 2,000 డాలర్లకు మించి లెక్కలోకి వచ్చే ఆస్తి ఉండకూడదు, దంపతులకైతే 3,000. ఆ పరిమితి 1989 నుంచి మారలేదు. రేపటి జబ్బుకో, ఇంటి మరమ్మతుకో నాలుగు డబ్బులు వెనకేస్తే సాయం పోతుంది. పేదరికం నుంచి బయటికి వేసే మొదటి అడుగునే నియమం నిషేధించింది.

మరి ఏ షరతూ లేకుండా ఇస్తే? ఫిన్లాండ్ 2017, 2018ల్లో రెండువేల మంది నిరుద్యోగులకు నెలకు 560 యూరోలు ఏ షరతూ లేకుండా, పని దొరికినా ఆపకుండా ఇచ్చి చూసింది. వాళ్లు పని మానలేదు. పోల్చిచూసిన మిగతా నిరుద్యోగుల కన్నా కొద్దిరోజులు ఎక్కువే పనిచేశారు, మానసికంగా మెరుగ్గా ఉన్నామని చెప్పారు. పెద్ద ఉద్యోగ విప్లవమేమీ రాలేదు, అది కూడా చెప్పాలి. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2019 నవంబరులో ఇంకో హద్దు గీసింది: పని వెతుక్కోలేదని భృతిలో 30 శాతానికి మించి కోయడం చెల్లదు. కనీసమన్నదాన్ని శిక్షగా తగ్గిస్తూ పోతే అది కనీసమెలా అవుతుంది?

యజమానుల వైపు నుంచి వచ్చే ప్రమాదమే నాకు ఎక్కువ నిజమనిపిస్తుంది. తక్కువ జీతాన్ని ప్రభుత్వం పూడుస్తుందని తెలిస్తే జీతం పెంచాల్సిన అవసరం వాళ్లకు ఉండదు. 1795లో ఇంగ్లండులో స్పీనమ్‌లాండ్ పద్ధతి రొట్టె ధరను బట్టి కూలీల ఆదాయాన్ని పూడ్చడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ చర్చ ఉంది. 1834 నాటి చట్టం దానికి కనిపెట్టిన మందు రోగం కన్నా చెడ్డది: సాయం పొందేవాడి స్థితి బయట అందరికన్నా పేద కూలీ స్థితి కన్నా హీనంగా ఉండాలన్నారు. కూలిని పైకి లేపడం మానేసి సాయాన్ని కిందికి తొక్కారు. కనీస వేతనం కింద నేలలా నిలబడితేనే పైన ఇచ్చే సాయం కార్మికుడికి చేరుతుంది. బ్రిటన్ దాన్ని 1999లో, జర్మనీ 2015లో దేశమంతటికీ వర్తింపజేశాయి.

ఇంటి గడప లోపల

పేదరికం లెక్కలన్నీ ఇంటిని ఒక ముద్దగా చూస్తాయి. ఇంట్లోకి వచ్చిన ఆదాయం అందరికీ సమంగా అందుతుందని అనుకుంటాయి. భర్త జీతం గీత పైనే ఉన్నా భార్యకు, పిల్లలకు పైసా ఇవ్వని ఇల్లు ఏ అంకెలోనూ పేదది కాదు. బ్రిటన్ పార్లమెంటు సభ్యురాలు ఎలినార్ రాత్‌బోన్ దీని మీద పాతికేళ్ల పాటు పోరాడింది. 1945లో బ్రిటన్ కుటుంబ భత్యం చట్టం చేసినప్పుడు ముసాయిదాలో తండ్రికి అని ఉన్నదాన్ని తల్లికి అని మార్పించగలిగింది. భత్యం ఒకటే, మొత్తం ఒకటే, ఎవరి చేతికన్న మాట మారింది. నేటి పథకాలు ఇంటికంతటికీ ఒకే ఖాతా అడుగుతూ ఆ గెలుపును మళ్లీ వెనక్కి తీసుకుపోతున్నాయి. మొత్తాన్ని అడిగినవాళ్లకు రెండు ఖాతాల్లోకి విడదీసి వెయ్యడం సాంకేతికంగా కష్టమేమీ కాదు.

ఇన్ని చేసినా మిగిలేవాళ్లు కొందరుంటారని ఒప్పుకుంటాను. నిన్ననే పని పోయి ఇంకా ఏ కాగితమూ నింపనివాళ్లు. కొట్టే భర్త నుంచి రాత్రికి రాత్రి పిల్లలతో బయటపడి, గుర్తింపు పత్రాలు ఆ ఇంట్లోనే వదిలేసినవాళ్లు. చిరునామా లేనివాళ్లు, చిరునామా లేదు కాబట్టి బ్యాంకు ఖాతా లేనివాళ్లు. వీళ్లను ఏ ముందస్తు సమాచారంతోనూ పట్టుకోలేం. వీళ్ల కోసం ఉండాల్సింది రుజువులేమీ అడగకుండా, వచ్చిన రోజే, అప్పుగా కాకుండా ఇచ్చే ఒక వారం డబ్బు. మిగతా విచారణ ఆ వారంలో చేసుకోవచ్చు. మోసం జరుగుతుందంటారు. జరుగుతుంది. వందమందిలో ఐదుగురు అబద్ధం చెప్పారనుకుందాం, పోయేది ఐదు వారాల భృతి. ఆ ఐదుగురిని ఆపడానికి ఇప్పుడు నిజం చెప్పిన తొంభై ఐదుగురు తలా ఐదు వారాలు ఆగుతున్నారు, అంటే 475 వారాలు.